మోటారు సైకిల్ వెనుక సైకిల్: వేగపు సాధనపై పాఠకుల ప్రశ్నలు

ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. సైకిల్ మీద వేగం ఎలా పెరుగుతుంది, ప్రొఫెషనల్ రోడ్డు సైక్లిస్టులు దానికోసం ఏం చేస్తారు, అందులో మన ఊళ్ళల్లో చేయదగినది ఎంత అని పాఠకులు అడిగారు. మిర్యాలగూడ పాఠకుడికి ఇచ్చిన జవాబు పొడవైనది. అది ప్రాణానికి సంబంధించిన విషయం కాబట్టి కుదించి రాయడానికి నాకు మనసొప్పలేదు.

ప్రశ్న: నాకు 19 ఏళ్ళు, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పాతది కొన్న గేర్ల సైకిల్ మీద ఏడాదిన్నరగా సాధన చేస్తున్నాను. రోజూ పొద్దున 40 కి.మీ. ఊపిరి ఎగబోసేలా తొక్కుతాను. అయినా ఒంటరిగా గంటకు 32 కి.మీ. వేగం దాటి ఎక్కువసేపు పోలేకపోతున్నాను. ఐరోపా ప్రొఫెషనల్ సైక్లిస్టులు మోటారు సైకిల్ వెనుక తొక్కుతూ సాధన చేయడం వీడియోల్లో చూశాను. మా అన్న తన బండి మీద ముందు పోతానంటున్నాడు. అద్దంకి రోడ్డు మీద తెల్లవారుజామున 50 వేగంతో అలా సాధన చేయవచ్చా సార్? దానితో నా వేగం నిజంగా పెరుగుతుందా? (ఒక పాఠకుడు, మిర్యాలగూడ)

జవాబు: మోటారు సైకిల్ చాటున తొక్కడం వల్ల వేగం పెరుగుతుందన్న మాట నిజమే. కానీ అద్దంకి రోడ్డు మీద ఆ పని చేయవద్దు. మీ అన్నగారు ఎంత నిదానస్తుడైనా సరే, చేయవద్దు. పైగా మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, 32 దగ్గర మిమ్మల్ని ఆపుతున్న కారణం వేరే ఉంది. దాని గురించి చివర్లో చెబుతాను.

ముందు ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో చూద్దాం. చదును రోడ్డు మీద గంటకు 40 కి.మీ. వేగంతో ఒంటరిగా పోయే సైక్లిస్టు పెట్టే శక్తిలో ఐదింట నాలుగు వంతులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, గాలిని నెట్టుకుపోవడానికే ఖర్చవుతుంది. గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది, దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి ఘనంగా పెరుగుతుంది. అంటే 30 వేగం నుంచి 45 వేగానికి పోవాలంటే గాలి కోసం పెట్టే శక్తి మూడు రెట్లు దాటాలి. 32 నుంచి 34కు రావడం మీకు ఇంత కష్టంగా ఉండడానికి కారణం ఇదే. ముందు ఒక బండి పోతున్నప్పుడు ఆ భారాన్ని అది మోస్తుంది. అప్పుడు గుండె, ఊపిరితిత్తులు 32 వేగానికి పడే శ్రమతోనే కాళ్ళు 45, 50 వేగానికి తగినట్టు తిరగగలుగుతాయి. ఈ సాధన సారమంతా ఇందులోనే ఉంది. అంత త్వరగా ముడుచుకుని, అంత త్వరగా వదులు కావడం కండరాలకూ వాటిని నడిపే నరాలకూ అలవాటవుతుంది. రేపు పందెంలో గుంపు ఒక్కసారిగా 50కి ఎగబాకినప్పుడు ఆ కాళ్ళు తడబడవు.

ఇది కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. 1899 జూన్ 30న అమెరికాలోని లాంగ్ ఐలండ్‌లో చార్లెస్ మర్ఫీ అనే సైక్లిస్టు రైలు పెట్టె చాటున, పట్టాల మధ్య పరిచిన చెక్కల బాట మీద, ఒక మైలు దూరాన్ని 57.8 సెకన్లలో తొక్కాడు. గాలి అడ్డు తొలగిస్తే మనిషి కాళ్ళు ఎంత దూరం పోగలవో ఆ రోజు లోకమంతా చూసింది. వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ పందేల కోసం కట్టిన గుండ్రని ట్రాక్ మీద, మోటారు సైకిల్ వెనుక పోటీపడే పందేలకు 1994 దాకా ప్రపంచ ఛాంపియన్‌షిప్పులు జరిగాయి. జపాన్‌లో 1948లో మొదలై 2000లో ఒలింపిక్స్‌లో చేరిన కెయిరిన్ పందెంలో ఇప్పటికీ మొదటి చుట్లలో ఒక చిన్న మోటారు బండి ముందు పోతుంది. పాతకాలపు మోటారు పందేల్లోని ఒక ఏర్పాటును మీరు ప్రత్యేకంగా గమనించాలి. మోటారు సైకిల్ వెనుక భాగాన ఇనుప చట్రానికి తిరిగే రోలర్ ఒకటి బిగించేవారు. సైకిల్ ముందు చక్రం పోయి దానికి తగిలితే రోలర్ గిర్రున తిరిగేది, మనిషి పడకుండా బయటపడేవాడు. జీవితమంతా ఇదే పనిగా చేసినవాళ్ళు, ఎదురుగా ఏ వాహనమూ రాని ట్రాక్ మీద కూడా, చక్రం ఏదో ఒకనాడు తగలక మానదని ఒప్పుకుని ఆ రోలర్ పెట్టుకున్నారు. మీ అన్నగారి బండికి వెనుక ఉండేది మడ్‌గార్డు, నంబరు ప్లేటు మాత్రమే.

ఇప్పటి ప్రొఫెషనల్ జట్లలో ఈ సాధన ఎప్పుడు వస్తుందో కూడా తెలుసుకోవాలి. నెలల తరబడి నెమ్మదిగా దూరాలు తొక్కి, ఎత్తు ప్రదేశాల్లో ఉండి వచ్చి, కఠినమైన సాధనలు చాలా వరకు పూర్తిచేసుకున్న తరువాత, ముఖ్యమైన పందేలు దగ్గర పడినప్పుడు దీన్ని మొదలుపెడతారు. మూడు నాలుగు గంటలు తొక్కి కాళ్ళు అలసిన తరువాత, చివరి గంటలో, అలవాటైన రోడ్డు మీద, కోచ్ నడిపే స్కూటర్ వెనుక చేరతారు. చదును మీద బండి చాటున పోతారు. ఎత్తు వచ్చినప్పుడు పక్కకు తప్పుకుని సొంత శక్తితో ఎక్కుతారు. చివరికి బండి వెనుక నుంచి బయటికి దూకి, పదీ పదిహేను సెకన్లు దాన్ని దాటిపోయేలా స్ప్రింటు చేస్తారు. ఇందులో సగం నైపుణ్యం స్కూటర్ నడిపే మనిషిదే. అద్దంలో సైక్లిస్టు ముఖాన్ని గమనిస్తూ, బ్రేకు ముట్టుకోకుండా, యాక్సిలరేటర్‌ను వెంట్రుకవాసి పెంచుతూ తగ్గిస్తూ నడపాలి. ఏళ్ళ తరబడి సైకిల్ తొక్కినవాళ్ళే సాధారణంగా ఆ పని చేస్తారు. ఇల్లు కట్టడం అయిపోయాక వేసే సున్నం వంటిది ఈ సాధన. మీరింకా గోడలు లేపుతున్నారు.

ఇక ప్రమాదం సంగతి. 50 వేగం అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. గాలి చాటు బాగా దక్కాలంటే ముందు బండికి మీటరు దూరంలో ఉండాలి. కన్ను చూసి, చేయి బ్రేకు మీద పడడానికి పావు సెకనైనా పడుతుంది, ఆలోపు మీరు మూడున్నర మీటర్లు ముందుకు పోతారు. అంటే ముందు బండి తడబడిన క్షణంలో మీరు చేయగలిగేదేమీ ఉండదు. అద్దంకి రోడ్డు మీద సిమెంటు లారీలు, మిల్లులకు పోయే వడ్ల ట్రాక్టర్లు ఎంత తెల్లవారుజామునైనా తిరుగుతూనే ఉంటాయి. కోతల కాలంలో రోడ్డు సగానికి వడ్లు ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చి ఉంచుతారు. మోటారు సైకిల్ మీద ఉన్న మనిషి ఆ రాయిని చూసి పక్కకు జరుగుతాడు. అతని వీపు తప్ప మరేమీ కనబడని మీకు ఆ రాయి చక్రం కిందికి వచ్చిన తరువాతే తెలుస్తుంది.

ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు. ముప్పై ఏళ్ళ కింద నకిరేకల్ వైపు ఒక రోడ్డు మీద స్నేహితుడి బండి వెనుక 45 వేగంతో పోతున్నాను. కుక్క అడ్డం వస్తే అతడు బ్రేకు వేశాడు. అతని తప్పేమీ లేదు, ఎవరైనా ఆ పనే చేస్తారు. నాకు భుజం దగ్గరి ఎముక విరిగింది, ఆ ఏడాది పందేలన్నీ పోయాయి. వెనుక లారీ ఏదీ లేకపోబట్టి ఈ జవాబు రాయగలుగుతున్నాను.

ఇప్పుడు మీ 32 సంగతికి వద్దాం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనబడిన మాట ‘రోజూ ఊపిరి ఎగబోసేలా’ అన్నది. మన ప్రాంతపు యువకుల్లో పదిమందిలో ఎనిమిది మంది ఇలాగే చేస్తారని నా అనుభవం. రోజూ ఒకే దూరం, రోజూ ఒకే శ్రమ. అది నెమ్మదీ కాదు, నిజమైన వేగమూ కాదు. అలసట మిగులుతుంది గాని శరీరానికి కొత్తగా నేర్చుకోవలసిన పని ఉండదు. నార్వేలో పనిచేసే శరీరధర్మ శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్ అత్యున్నత స్థాయి క్రీడాకారుల సాధనను పరిశీలించి, వాళ్ళు చేసే పనిలో సుమారు 80 శాతం చాలా తేలికగా, మిగిలినది చాలా కఠినంగా ఉంటుందని చూపించాడు. తేలిక అంటే పక్కనున్న మనిషితో పూర్తి వాక్యాలు ఆగకుండా మాట్లాడగలిగేంత తేలిక. మీరు వారానికి ఆరు రోజులు తొక్కుతుంటే నాలుగు రోజులు అలాగే తొక్కండి, అందులో ఒక రోజు మూడు గంటలు దాటించండి. ఎవరైనా పాత సైకిల్ మీద మిమ్మల్ని దాటిపోయినా వెంబడించవద్దు. ఇది మీకు అన్నిటికన్నా కష్టంగా ఉంటుందని నాకు తెలుసు.

మిగిలిన రెండు రోజులు కఠినంగా ఉండాలి. నార్వే పరిశోధకుడు బెంట్ రోన్నెస్టాడ్ శిక్షణ పొందిన సైక్లిస్టుల మీద పరీక్షించిన ఒక పద్ధతిని నేను మా పిల్లలతో చేయించి మంచి ఫలితం చూశాను. 30 సెకన్లు గట్టిగా, 15 సెకన్లు తేలికగా, ఇలా 13 సార్లు తొక్కితే ఒక విడత. మూడు నిమిషాలు విరామం తీసుకుని రెండో విడత, మళ్ళీ విరామం, మూడో విడత. మొదటి 30 సెకన్లలోనే శక్తినంతా పోయకూడదు, 13వ సారి కూడా మొదటిసారి వేగమే నిలవాలి. మీరు మొదటి నెల రెండు విడతలతో ఆపండి. రెండో కఠినమైన రోజున ఎనిమిదేసి నిమిషాలు నాలుగుసార్లు తొక్కండి, మధ్యలో రెండు మూడు నిమిషాల విరామం చాలు. ఈ రెండు రోజుల మధ్య కనీసం 48 గంటలు ఎడం ఉండాలి.

కాళ్ళ వేగానికి మోటారు సైకిల్ అవసరం లేకుండా మూడు దారులున్నాయి. మొదటిది చిన్న గేరు. ముందు 34 పళ్ళు, వెనుక 17 పళ్ళ మీద గొలుసు వేసి నిమిషానికి 120 తిప్పులు తిప్పితే వేగం 30 దగ్గరే ఉంటుంది, కానీ కాళ్ళు పెద్ద పందెంలో తిరిగినట్టే తిరుగుతాయి. సీటు మీద ఎగిరిపడకుండా ఒక నిమిషం నిలపగలిగితే మెల్లగా 130కి పోవచ్చు. రెండోది వెనుకగాలి. ఆషాఢంలో మన వైపు పడమటి గాలి ఎంత గట్టిగా వీస్తుందో మీకు చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో నిడమనూరు వైపు ఎదురుగాలికి ఓపిగ్గా పోయి, తిరుగు దారిలో గాలి వీపున పెట్టుకుని ఐదేసి నిమిషాలు వేగంగా రండి. మీకు 40 దాటిన వేగం, మోటారు సైకిల్ చాటున దొరికే అనుభవంలో చాలా భాగం, రోడ్డు మొత్తం కళ్ళెదుట కనబడుతుండగానే దొరుకుతుంది. మూడోది స్వల్పమైన దిగుడు. రెండు మూడు వందల మీటర్ల నేరుగా ఉన్న మెల్లని దిగుడు మీద పది సెకన్ల స్ప్రింటు చేసి, ఐదు నిమిషాలు పూర్తిగా తేరుకుని, మళ్ళీ చేయాలి. నాలుగైదు సార్లు చాలు. విరామం తగ్గిస్తే అది స్ప్రింటు సాధన కాకుండా పోతుంది, ఎందుకంటే కండరంలో ఆ పది సెకన్ల పేలుడుకు పనికొచ్చే ఇంధనం తిరిగి నిండడానికి కొన్ని నిమిషాలు పడుతుంది.

తోటివాళ్ళు ముగ్గురు నలుగురు దొరికితే లోపలి ఊళ్ళ రోడ్ల మీద వరుసగా తొక్కుతూ, అర నిమిషానికి ఒకరు చొప్పున ముందుకు వచ్చి గాలి మోయడం నేర్చుకోండి. మోటారు సైకిల్ వెనుక సాధన మీదికే మనసు ఇంకా లాగుతుంటే, హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో వెలోడ్రోమ్ ఉంది. రెండేళ్ళ తరువాత, తగిన కోచ్ పర్యవేక్షణలో, అటువంటి మూసిన ట్రాక్ మీద అడిగి చూడండి.

ప్రశ్న: మా బిడ్డకు 16 ఏళ్ళు. ఇంటర్ చదువుతూ రాష్ట్ర స్థాయి జూనియర్ సైక్లింగ్ పోటీలకు సిద్ధమవుతున్నది. సాధన చేయించే సారు ఎప్పుడూ పెద్ద గేరులోనే తొక్కమంటారు, అట్లయితేనే బలం వస్తుందంటారు. నెల రోజుల నుంచి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి అంటున్నది. తోటి పిల్లల తల్లిదండ్రులేమో పవర్ మీటర్ లేనిదే పైకి రాలేదంటున్నారు. అది కొనడం మా వల్ల అయ్యే పని కాదు. ఏం చేయాలో చెప్పండి. (ఒక తల్లి, మహబూబ్‌నగర్)

జవాబు: అమ్మా, ముందు మోకాలి సంగతి చూడండి, మిగతావన్నీ తరువాత. రెండు వారాలు పెద్ద గేరు పూర్తిగా మానేయమనండి. సైకిల్ సీటు ఎత్తు సరిచూడండి. పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమను దాని మీద ఆనించి కాలు చాపితే మోకాలు నిటారుగా రావాలి. అలా పెట్టుకుని పాదం ముందు భాగంతో తొక్కినప్పుడు మోకాలిలో చిన్న వంపు మిగులుతుంది. చిప్ప ముందు భాగంలో నొప్పికి సీటు మరీ కిందికి ఉండడం, పెద్ద గేరును బలవంతంగా నెట్టడం తరచు కనబడే కారణాలు. ఎదిగే వయసు పిల్లకు నెల రోజులుగా నొప్పి ఉన్నప్పుడు ఎముకల డాక్టరుకు ఒకసారి చూపించడం మంచిది.

పెద్ద గేరుతో సాధన అనేది లేదని నేననను. ఇటలీ కోచ్‌లు ఎత్తుల మీద నిమిషానికి 40, 50 తిప్పులకు మించకుండా నాలుగైదు నిమిషాలు తొక్కించే పద్ధతిని చాలాకాలంగా వాడుతున్నారు. అయితే అది ఎదిగిన శరీరాలకు, వారంలో ఒకటి రెండుసార్లు, కొలిచి ఇచ్చే మందు. రోజూ అదే అన్నం కాకూడదు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఏళ్ళ తరబడి జూనియర్లకు గేరు పరిమితి పెట్టింది. ఒక తిప్పుకు సైకిల్ 7.93 మీటర్లకు మించి ముందుకు పోకూడదని నియమం. 2023లో దాన్ని ఎత్తివేశారు గాని, ఆ నియమం వెనుక ఉన్న ఆలోచన ఇప్పటికీ సరైనదేనని నా అభిప్రాయం. 7.93 మీటర్ల గేరులోనే నిమిషానికి 100 తిప్పులు తిప్పితే వేగం 47 దాటుతుంది. అంటే పిల్లలకు వేగం తక్కువై కాదు, వాళ్ళు ముందు కాళ్ళు తిప్పడం నేర్చుకోవాలని ఆ హద్దు పెట్టారు. మీ అమ్మాయిని ఈ ఏడాదంతా 90 నుంచి 100 తిప్పుల మధ్య తొక్కనివ్వండి. ఆ సారుతో గొడవ పడనక్కరలేదు. మోకాలి నొప్పి గురించి చెప్పి, ‘కొన్నాళ్ళు చిన్న గేరులో చేయించండి సార్’ అని మర్యాదగా అడిగితే చాలు.

పవర్ మీటర్ గురించి బెంగపెట్టుకోకండి. జర్మనీకి చెందిన ఉలి షోబెరర్ 1986లో ఆ పరికరాన్ని తెచ్చాడు. కాలు ఎన్ని వాట్ల శక్తి పెడుతున్నదో అది చెబుతుంది, గాలి వీచినా ఎత్తు వచ్చినా ఆ అంకె మోసం చేయదు. దానివల్ల మేలు నిజంగానే ఉంది. కానీ 1972లో మెక్సికో నగరంలో బెల్జియం సైక్లిస్టు ఎడీ మెర్క్స్ గంటలో 49.431 కి.మీ. తొక్కినప్పుడు అలాంటి పరికరం ఏదీ లేదు. మీ అమ్మాయికి కావలసినది తన సాధన ముందుకు పోతున్నదో లేదో తెలియడం, దానికి కిలోమీటరు రాళ్ళూ ఒక స్టాప్‌వాచీ సరిపోతాయి. ట్రాఫిక్ తక్కువగా ఉండే రోడ్డు మీద ఐదు కిలోమీటరు రాళ్ళ దూరాన్ని ఎంచుకుని, నెలకొకసారి, ఒకే సమయంలో, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ తొక్కించి రెండింటి సగటు రాసిపెట్టండి. రాను పోను రెండూ కలిపితే గాలి తేడా చాలావరకు సర్దుకుంటుంది. ఒక కిలోమీటరుకు 120 సెకన్లు పడితే వేగం 30, 100 సెకన్లు పడితే 36, 90 సెకన్లు పడితే 40. ఆ నోటుపుస్తకంలోనే ఎంత నిద్రపోయింది, ఎట్లా అనిపించింది, నొప్పి ఉందా లేదా అన్నది కూడా రాయించండి. నేను చూసిన మంచి సైక్లిస్టులందరి దగ్గరా అలాంటి పుస్తకం ఒకటి ఉండేది.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. ఈ వయసు ఆడపిల్లల్లో రక్తహీనత చాలా ఎక్కువ. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే ఎన్ని ఇంటర్వెల్స్ (గట్టిగా, తేలికగా మార్చి మార్చి తొక్కే సాధన) చేసినా వేగం రాదు, ఎందుకంటే కండరాలకు ప్రాణవాయువును మోసుకుపోయేది అదే. రక్తపరీక్ష ఒకసారి చేయించండి. నెలసరి తప్పుతుంటే సాధన బాగా సాగుతున్నదనుకోవద్దు. తొక్కే తొక్కుడుకు తగినంత తిండి అందడం లేదని శరీరం చెబుతున్న మాట కావచ్చు, వెంటనే డాక్టరును కలవండి. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని ఎవరైనా చెబితే ఆ పిల్ల చెవిన పడనివ్వకండి. ఇటలీ సైక్లిస్టు విత్తోరియా బుస్సీ 2023లో గంటలో 50.267 కి.మీ. తొక్కి, ఒంటరిగా గంటలో 50 దాటిన మొదటి మహిళగా నిలిచింది. ఆ సంగతి మీ అమ్మాయికి చెప్పండి.

ప్రశ్న: టూర్ డి ఫ్రాన్స్‌లో మూడు వారాలు, మూడు వేల కిలోమీటర్లకు పైగా తొక్కి కూడా సగటు వేగం 40 దాటుతుంది. మనలాంటి వాళ్ళం ఒక్క గంట కూడా ఆ వేగం నిలపలేం. అంత తేడా ఎట్లా సాధ్యం? (ఒక పాఠకుడు, మక్తల్)

జవాబు: వాళ్ళ గుండె, ఊపిరి మనకంటే చాలా గొప్పవన్నది సగం జవాబు. మిగిలిన సగం గుంపు. బెర్ట్ బ్లాకెన్ అనే పరిశోధకుడి బృందం 121 మంది సైక్లిస్టుల గుంపును కంప్యూటర్‌లోనూ గాలి సొరంగంలోనూ పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించింది. ఆ గుంపు నడిమధ్యన ఉన్నవాడి మీద పడే గాలి ఒత్తిడి, ఒంటరిగా పోయేవాడి మీద పడే దానిలో 5 నుంచి 10 శాతమే. కాబట్టి గుంపు లోపల ఉన్న మనిషి 45 వేగంతో పోతూ కూడా అన్నం తినగలుగుతాడు, పక్కవాడితో మాట్లాడగలుగుతాడు. 1999 టూర్‌లో లావాల్ నుంచి బ్లోయిస్ దాకా 194.5 కి.మీ. దూరపు ఒక రోజు అంచెను 50.355 సగటు వేగంతో ముగించారు. మారియో చిపోలిని గెలిచిన ఆ రోజున వెనుకగాలి కూడా తోడైంది. 2022లో టూర్ మొత్తం సగటే 42 దాటింది. మనిషి ఒంటరి బలం చూడాలంటే గంట రికార్డు, అంటే ఒక్కడే గంటలో తొక్కిన అత్యధిక దూరం, చూడాలి. ఇటలీ సైక్లిస్టు ఫిలిప్పో గాన్నా 2022 అక్టోబర్‌లో స్విట్జర్లాండ్ వెలోడ్రోమ్‌లో ఎవరి చాటూ లేకుండా గంటలో 56.792 కి.మీ. తొక్కాడు. మక్తల్ నుంచి దేవరకద్ర మీదుగా మహబూబ్‌నగర్ దాకా ఉన్న రోడ్డును తలుచుకుంటే ఆ దూరం ఎంతో మీకు తెలుస్తుంది.

ప్రశ్న: నేను ఉపాధ్యాయుడిని, వయసు 47. రెండేళ్ళుగా బడికి సైకిల్ మీదనే పోతున్నాను, ఇప్పుడు వేగం మీద ఆసక్తి కలిగింది. 20 సెకన్లు తొక్కి 10 సెకన్లు ఆగే టబాటా పద్ధతి నాలుగు నిమిషాల్లో గంట వ్యాయామానికి సమానమని విన్నాను. నేను చేయవచ్చా? (ఒక పాఠకుడు, దేవరకొండ)

జవాబు: జపాన్ శాస్త్రవేత్త ఇజుమి టబాటా 1996లో ప్రచురించిన ఆ పరీక్షలో పాల్గొన్నవాళ్ళు వ్యాయామ విద్య చదువుతున్న యువకులు. వాళ్ళు ప్రాణవాయువును గరిష్ఠంగా వాడుకునే స్థాయికి 170 శాతం తీవ్రతతో తొక్కారు. ఏడెనిమిది సార్లకే ఇక తొక్కలేని స్థితి వచ్చేది. వారానికి నాలుగు రోజులు అలా, ఐదో రోజు కొంచెం తేలికగా, ఆరు వారాలు చేసి ఫలితం పొందారు. వ్యాయామశాలల్లో అదే పేరుతో చేయించేదానికీ దానికీ పోలిక లేదు. 47 ఏళ్ళ వయసులో అక్కడి నుంచి మొదలుపెట్టవద్దు. ముందు బీపీ, షుగర్, ఈసీజీ చూపించుకుని, డాక్టరు చెబితే ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా చేయించుకోండి. ఛాతీలో బిగువు, దవడ లోకి లేదా ఎడమ చేతిలోకి పాకే నొప్పి వస్తే ఆ క్షణంలోనే దిగి ఆసుపత్రికి పోవాలి. అన్నీ బాగున్నాయంటే, మూడు నిమిషాలు కొంచెం గట్టిగా, మూడు నిమిషాలు మెల్లగా, ఐదుసార్లు, వారానికి ఒక్క రోజు. మీ వయసుకు గుండె గరిష్ఠ వేగం సుమారు నిమిషానికి 175 అనుకోవచ్చు. గట్టిగా తొక్కేటప్పుడు అది 150, 155 దగ్గర ఉంటే సరిపోతుంది. మూడు నెలల తరువాత మళ్ళీ రాయండి.

ప్రశ్న: ఎండాకాలంలో సాధన ఆపాలా? తొక్కేటప్పుడు పల్లీలు, జొన్నరొట్టె తీసుకుపోతాను. అవి సరిపోతాయా, లేక బయట అమ్మే పొడులు కొనాలా? (ఒక పాఠకుడు, వనపర్తి)

జవాబు: ఆపనక్కరలేదు, కానీ కఠినమైన సాధనను సూర్యోదయానికి ముందే ముగించాలి. మే నెలలో మన జిల్లాల్లో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. ఆ వేడిలో గుండె ఒకవైపు కండరాలకు, మరొకవైపు చర్మాన్ని చల్లబరచడానికి రక్తం పంపవలసి వస్తుంది, అందువల్ల అదే శ్రమకు వేగం తగ్గిపోతుంది. శరీరం వేడికి అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో వేగం చూడకుండా తేలికగా తొక్కండి. చెమట ఆగిపోయినా, తల తిరుగుతున్నా, మాట తడబడుతున్నా దిగి నీడకు చేరి ఒంటి మీద నీళ్ళు పోసుకోవాలి, వెంటనే సాయం పిలవాలి.

పల్లీలూ జొన్నరొట్టే మంచి తిండి, కానీ వాటికి వేళ ఉంది. జొన్నరొట్టెను ముందు రోజు రాత్రి తినండి. దానిలోని పీచు, పల్లీల్లోని కొవ్వు అరగడానికి సమయం పడుతుంది కాబట్టి వేగపు సాధన మధ్యలో అవి కడుపులో బరువుగా ఉంటాయి. తొక్కేటప్పుడు త్వరగా రక్తంలో కలిసే పిండిపదార్థం కావాలి. ప్రొఫెషనల్ సైక్లిస్టులు గంటకు 60 నుంచి 90 గ్రాములు, ఇప్పుడు కొందరు 120 గ్రాముల దాకా తీసుకుంటున్నారు. అంత తట్టుకోవడానికి కడుపుకు కూడా సాధన కావాలి. మీకు గంటన్నర దాటిన తొక్కుడుకు గంటకు 40, 50 గ్రాములు చాలు. అంటే రెండు అరటిపళ్ళు, లేదా ఒక అరటిపండూ చిన్న బెల్లం ముక్కా. నీళ్ళకు పొడులు కొనవలసిన పని లేదు. లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి, సగం నిమ్మకాయ పిండి సీసా నింపుకోండి. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా, దాహం కోసం ఎదురుచూడకుండా గుక్కలు గుక్కలుగా తాగండి. ఇంటికి రాగానే రెండు బత్తాయిలూ పెరుగన్నమూ తిని నీడపట్టున పడుకోండి.